గేటుకు కట్టిన కంకులు

గేటు పక్కన కాగితం పూల గుబురులో చెయ్యి పెట్టి ఎవరో ఏదో కడుతున్నారు.

బాల్కనీలోంచి చూసిన రఘునందన్ కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు.

అతను తీసిన మూడో సినిమా ఈ శుక్రవారం విడుదల. మొదటి రెండూ పోయాయి. ఇదీ పోతే ఫిల్మ్‌నగర్‌లో అతన్ని పిలిచి ఇంకో సినిమా ఇచ్చే నిర్మాత లేడు. నెల రోజులుగా నిద్ర లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడమే పనైపోయింది.

రోజు మొత్తంలో అతను కుదురుగా ఉండేది పది నిమిషాలే. పొద్దున్నే పిచ్చుకలు వాలినప్పుడు.

జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఈ రోజుల్లో పిచ్చుక కనబడటమే గొప్ప. అలాంటిది నెల రోజులుగా అయిదారు వస్తున్నాయి. పూల గుబురులోకి దూరి, బయటికొచ్చి, బాల్కనీ పిట్టగోడ మీద కాసేపు పోట్లాడుకుని పోతాయి. భార్య ప్రణతి ఆన్‌లైన్‌లో తెప్పించి వేలాడదీసిన గింజల డబ్బా మహిమే అదంతా అని ఇద్దరూ మురిసిపోయారు. డబ్బాలో గింజలు ఎందుకు తగ్గడం లేదో మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

రఘునందన్ కిందికి పరుగెత్తాడు. అప్పుడే బండి దిగిన కో-డైరెక్టర్ సుబ్రహ్మణ్యం, వాచ్‌మన్ కలిసి ఆ మనిషిని పట్టుకున్నారు.

యాభై దాటిన సన్నటి మనిషి. భుజాన గుడ్డసంచి. గుబురులో కొమ్మకు అతను కట్టింది వరికంకుల కుచ్చు, ఎర్రదారంతో.

సుబ్రహ్మణ్యం ముఖం పాలిపోయింది. మంగళవారం, ఎర్రదారం, ధాన్యం, పైగా విడుదలకు మూడు రోజుల ముందు. ఇది ఎవరో కావాలని చేయించిన పనేనని రఘునందన్ చెవిలో చెప్పాడు. అనుమానం పెనుభూతం అంటారు. దానికి సినిమా వాళ్ల ఇల్లంటే పుట్టిల్లు.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు రఘునందన్.

"ఎవ్వరు పంపలే సారూ. పిట్టలకు కట్టిన."

"మా గేటుకు కట్టమని నిన్నెవరు అడిగారు?"

ఆ మనిషి సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

"మీరే అడిగిండ్రు సారూ."

రఘునందన్‌కు ఒళ్లు మండిపోయింది. ఈ ముఖం తను ఎన్నడూ చూసినట్టే లేదు. ఎంత పొగరు ఉంటే ఎదురుగా నిలబడి ఇంత అబద్ధం చెప్తాడు?

సుబ్రహ్మణ్యం సంచి లాక్కుని రోడ్డు మీద గుమ్మరించాడు. ఇంకో రెండు కుచ్చులు, ఒక టిఫిన్ డబ్బా. డబ్బా మూత ఊడి అన్నం మట్టిపాలైంది. నడకకు వెళ్తున్న వాళ్లు ఆగి చూస్తున్నారు.

"ఇంకోసారి ఈ వీధిలో కనబడితే పోలీసులకు అప్పజెప్తాను," అన్నాడు రఘునందన్.

ఆ మనిషి కిందికి వంగాడు. ఖాళీ డబ్బా ఏరుకున్నాడు. పిట్టగోడ మీది పిచ్చుకల వైపు ఒకసారి చూసి, ఏటవాలు దారి దిగి వెళ్లిపోయాడు.

కుచ్చులన్నిటినీ కర్పూరం వేసి కాల్చేశారు. గుమ్మడికాయ కొట్టారు. ఇంత చేసినా రఘునందన్ ఆ రాత్రీ నిద్రపోలేదు.

బుధవారం పిచ్చుకలు రాలేదు.

గురువారం డబ్బా నిండా కొత్త గింజలు పోశాడు. పావురాలు వచ్చి కిందా మీదా పాడుచేసి పోయాయి. ప్రణతి గరిటె పట్టుకుని వాటి వెంటపడింది.

శుక్రవారం సినిమా ఆడింది.

మామూలుగా కాదు, హాళ్లలో జనం చప్పట్లు కొట్టారు. అందరి నోటా ఒకటే సీను. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి గుడిసె అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఒక్కొక్కటిగా పిచ్చుకలు వచ్చి ఆమె చుట్టూ వాలతాయి. ఆవిడ మొదటిసారి ఏడుస్తుంది.

ఆదివారం ఆఫీసులో విలేకరులు అడిగారు, ఆ పిచ్చుకల గ్రాఫిక్స్ ఏ కంపెనీ చేసిందని. గ్రాఫిక్స్ కాదు, నా అదృష్టం అన్నాడు రఘునందన్. అది నిజమేనని నమ్మాడు కూడా. షూటింగ్‌లో రెండు రోజులు ఎదురుచూసినా ఒక్క పిట్ట రాని చోట మూడో రోజు పొద్దున్నే గుంపు వాలింది. కెమెరా తిప్పమని తను అరిచాడు. అంతకుమించి అతనికేమీ తెలియదు.

వాళ్లు వెళ్లాక ప్రొడక్షన్ మేనేజర్ వరప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. అది అదృష్టం కాదనీ, సెట్‌లో పనిచేసే బోరబండ నర్సింహ పనితనమనీ చెప్పాడు. ఆ మూడు రోజులూ చీకటితోనే లేచి, దూరం నుంచి కొంచెం కొంచెం గింజలు వేసుకుంటూ పిచ్చుకల్ని గుడిసె దాకా అలవాటు చేశాడట.

"నాకెందుకు చెప్పలేదు? పిలిపించండి, సన్మానం చేద్దాం."

"మంగళవారం నుంచి పనికి రావడం లేదు సార్. ఎవరో పెద్దమనిషి ఇంటి ముందు నలుగురిలో అవమానం జరిగిందట. ఎవరని ఎంత అడిగినా పేరు మాత్రం చెప్పలేదు. ఊరెళ్లిపోయాడు. ఇక సినిమా పనికి రానన్నాడు."

రఘునందన్ కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఆ పెద్దమనిషి ఇంటికి ఈయనెందుకు వెళ్లినట్టు?" అడిగాడు రఘునందన్.

"అది తెలీదు సార్. కానీ ఆ పిచ్చుకల షాట్ ఓకే అయ్యాక మీరొక మాటన్నారు. ఇలాంటి పిచ్చుకలు పొద్దున్నే మా ఇంటి ముందు వాలితే నాకు ఇంకేమీ అక్కర్లేదని. వెనకాలే నిలబడి ఉన్నాడు నర్సింహ, ఆ సాయంత్రమే నా దగ్గరికొచ్చి మీ ఇంటి అడ్రసు రాయించుకున్నాడు."