రోజుకొకటి

"సప్పోరోలో ఒకటి. సెందాయ్‌లో ఒకటి. అంత దూరాన కగోషిమాలో కూడా ఒకటి! రోజూ, తప్పకుండా!"

కువబారా హిసనోరి ఆ కాగితం చదవడం ఇది తొమ్మిదోసారి. భార్య తామియె చేతిలో గిన్నె కింద పెట్టి వింటోంది. ఎనిమిదిసార్లు విన్న మనిషి తొమ్మిదోసారి వినక ఏం చేస్తుంది పాపం!

హిసనోరి నగోయా మునిసిపాలిటీ నీటి శాఖలో గుమాస్తా. పదకొండేళ్ల సర్వీసు. ఆదివారాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆట రాశాడు. మేడ మీద ఆరేసిన బట్టలు కాకి ఎత్తుకుపోకుండా చూడాలి, అంతే ఆట. ఒక కంపెనీ దాన్ని తన యంత్రాల్లో పెట్టుకుంది. దేశమంతా నూటిరవై దుకాణాల్లో ఆ యంత్రాలున్నాయి. ఆట ఎంచుకుని డబ్బు వేస్తే అక్కడికక్కడే ఫ్లాపీ మీద ఎక్కించి ఇస్తాయి. ఏ దుకాణంలో ఏ రోజు ఎన్ని ఎక్కాయో ఫోను తీగ మీద కంపెనీకి తెలిసిపోతుంది. నెల తిరిగేసరికి ఆట రాసినవాడి ఇంటికి ఆ లెక్క వస్తుంది. డబ్బు మాత్రం ఆరు నెలలకోసారి.

మొదటి నెల మూడు వేల పైచిలుకు కాపీలు. రెండో నెలా అంతే.

"సప్పోరోలో మంగళవారం ఒక్కటీ లేదేమండీ?" అంది తామియె, కాగితంలోకి తొంగిచూసి.

"మంచు పడి ఉంటుంది."

"నాలుగు మంగళవారాలూనా?"

"నీకు సంతోషించడం చేతకాదే! ఎక్కడ పుల్ల దొరుకుతుందా అని చూస్తావు."

తామియెకు ఆరో నెల. పుల్ల కోసం కాదు, పుట్టబోయే బిడ్డ కోసం చూస్తోంది. ఆ మాటే అడిగింది. "డబ్బు చేతికొచ్చాకే ఉద్యోగం మానేయొచ్చుగా? మానేస్తే ఈ క్వార్టర్స్ కూడా ఖాళీ చెయ్యాలి."

"రెండో ఆట ఎప్పుడు రాయను మరి? మూడు వేల మంది ఎదురుచూస్తున్నారు. నువ్వొక్కదానివే నమ్మనిది."

ఆ మాటకు ఆమె నొచ్చుకుంది. తరువాత సిగ్గుపడింది. కట్టుకున్నదాన్నయి నేనే నమ్మకపోతే ఎలా అనుకుంది. మర్నాడు రాజీనామా పత్రానికి మంచి కాగితం ఆమే కొనుక్కొచ్చింది.

సెక్షన్ హెడ్ నోనొగాకి ఆ పత్రాన్ని రెండు రోజులు సొరుగులోనే ఉంచాడు. మూడో రోజు పిలిచాడు. "ఇది వెనక్కి తీసుకో కువబారా. నేను చూడలేదనుకుంటాను. ఇంటిదాని పరిస్థితి చూశావా అసలు?"

"మీరు మీటర్లు చూసుకుంటూ ఉండండి సార్. నా బతుకు వేరు."

పదకొండేళ్లలో అతను పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో! వారం తిరగకుండా అతని కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. తామియె పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

శనివారం ఇద్దరూ ఓసు బజారుకు బయలుదేరారు. అక్కడి కంప్యూటర్ దుకాణంలోనూ రోజుకొకటి పోతోంది. కొంటున్నవాణ్ణి కళ్లారా చూడాలని అతని సరదా. ఆ కొనేవాడికి ఇవ్వడానికి తామియె ఒక డబ్బా ఉయిరో మిఠాయి కొని, రంగుగుడ్డలో చుట్టి తెచ్చింది.

పదింటికి షట్టర్ లేచేసరికి ముందు నిలబడ్డది వీళ్లే. యంత్రం పక్కన స్టూలు మీద తామియె కూర్చుంది. గోడ మీద ఎక్కువగా అమ్ముడయ్యే పది ఆటల జాబితా అతికించి ఉంది. అందులో కాకి ఆట లేదు.

"చూశావా కుళ్లు! పెద్ద కంపెనీలవాళ్లు మనల్ని పైకి రానిస్తారా?" అన్నాడు హిసనోరి.

జనం వస్తున్నారు, పోతున్నారు. యుద్ధాల ఆటలు తీసుకున్నారు. మాజాంగ్ పలకలాట తీసుకున్నారు. కాకి జోలికి ఎవరూ పోలేదు. మధ్యాహ్నం తామియెకు కాళ్లు వాచాయి. అయినా లేవలేదు. "సాయంత్రం వస్తాడేమోనండీ," అంది. ఇప్పుడు ఆమెకే ఎక్కువ ఆశ.

ఏడింటికి దుకాణం సర్దేస్తుంటే హిసనోరి ఉండబట్టలేక యజమాని దగ్గరికి వెళ్లాడు. తెరజావా అని నెరిసిన జుట్టు పెద్దమనిషి.

"కాకి ఆట రాసింది నేనేనండీ."

తెరజావా నడుం దాకా వంగి దండం పెట్టాడు. "అయ్యో, మీరేనా! పొద్దుట్నుంచీ కూర్చుని ఒక్క మాట చెప్పలేదేం? మీ ఆట లేనిదే మా దుకాణానికి పొద్దు పొడవదండీ!"

తామియె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడి వంక గర్వంగా చూసింది.

"ఇవాళ మాత్రం ఎవరూ తీసుకోలేదు," అన్నాడు హిసనోరి, నవ్వుతూనే.

"ఎందుకు లేదూ?" తెరజావా ఒక మీట నొక్కాడు. యంత్రం చిన్న చీటీ కక్కింది. కాకి ఆట, ఒకటి.

"తలుపు తీసినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాం కదండీ! ఎవరతను?"

"నేనే."

తామియె గభాల్న లేచింది. మిఠాయి డబ్బా రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు తల వంచింది. "మీరా! రోజూనా! అంత ఇష్టమాండీ మీకు?"

తెరజావా డబ్బా అందుకుని మొహమాటంగా నవ్వాడు. "ఇష్టమని కాదమ్మా, షట్టర్ ఎత్తకముందే మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో ఒక ఆట ఎక్కించి చూసి చెరిపేయాలి, అన్నిట్లోకీ మీవారిదే చిన్నదని దేశంలో ప్రతి దుకాణమూ రోజూ దాన్నే ఎక్కించాలని కంపెనీ ఆర్డరు."