నాన్న ఇంజన్ విప్పిన రోజు

పైమూత ఊడింది. లోపల పిస్టన్ నెత్తిన యాభై ఏళ్ళ మసి పెంకు కట్టి ఉంది.

"మీ నాన్న బతికుంటే ఈపాటికి నిన్నూ నన్నూ షెడ్డులోంచి తరిమేసేవాడు," అన్నాడు క్లైడ్ బాబాయ్, బోర్లించిన బకెట్ మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ.

నిజమే. యార్క్ ఊరి చుట్టుపక్కల పాత మోటార్‌సైకిల్ ఇంజన్లన్నీ ఇరవై ఏళ్ళుగా నా చేతిమీదే బాగుపడుతున్నాయి. ఇదొక్కదాన్ని మాత్రం నాన్న నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు.

ఆయన పోయి ఏడాదయింది. వచ్చే నెల గుట్ట పందెంలో ఈ బండినే ఎక్కాలని నా పంతం.

పాత బళ్ళ తరగతిలో ఇంజన్ ఐదువందల సీసీ దాటకూడదు. నాన్న గెలిచిన రోజుల్లోనూ అదే నియమం. ఆ గీత లోపలే ఉండి ఇంకో నాలుగైదు హార్స్‌పవర్ పిండాలి. ముందు కొత్త పిస్టన్ తెప్పించాలి. దానికి సిలిండర్ కొలత కావాలి.

సిలిండర్ పైకి లాగి గుడ్డతో తుడుస్తుంటే చాలాకాలంగా అడగాలనుకున్నది నోట్లోంచి వచ్చేసింది.

"బాబాయ్, మీరు పందేలు ఎందుకు మానేశారు?"

"మీ నాన్న చెప్పలేదూ?"

"అడిగితే మాట మార్చేవాడు."

ఆయన నవ్వాడు.

"డెబ్భై ఒకటిలో ఆఖరి పందెం. ఇద్దరివీ ఒకే రకం బళ్ళు, ఒకే ఏడాదివి. రెప్పపాటు తేడాతో నన్ను ఓడించాడు. నీ ఇంజన్లో ఏం పెట్టావురా అనడిగా. ఇంజన్ది ఏముంది, పైన ఆఖరి గట్టు దగ్గర నువ్వు భయపడి యాక్సిలరేటర్ వదిలేశావు, నేను కళ్ళారా చూశానన్నాడు."

"వదిలేశారా?"

"వదల్లేదనే అనుకున్నా. కానీ మీ నాన్న ఎమరీ చూశానన్నాడు కదా. ప్రాణ స్నేహితుడు అబద్ధం ఎందుకు చెబుతాడు?" కాఫీ ఒక గుక్క తాగాడు. "భయం పట్టినవాడు గుట్ట ఎక్కకూడదమ్మాయ్. ఆ వారమే బండి అమ్మేశా."

లోపలి కొలత తీసే గేజీ సిలిండర్లోకి దించాను.

ఈ ఇంజన్‌కి సిలిండర్ వ్యాసం ఎనభై అయిదు మిల్లీమీటర్లు ఉండాలి. అరిగినా, ఒకసారి లోపల చెక్కి బోరు చేసినా, ఇంకో మిల్లీమీటరు.

ఎనభై ఎనిమిది పాయింట్ నాలుగు చూపించింది.

గేజీ తుడిచి మళ్ళీ దించాను. అదే అంకె.

మనసులో లెక్క కట్టాను. అయిదువందల నలభై సీసీ. ఆ మసి చూస్తే డెబ్భై ఒకటి తర్వాత దీన్ని ఎవరూ విప్పినట్టు లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు బాబాయ్.

ఎనభై అయిదు అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. ఇన్నాళ్ళూ నమ్మినవాడే కదా.

ప్రతి శనివారం పొద్దున్న వాళ్ళిద్దరూ ఈ షెడ్డులోనే కాఫీ తాగేవాళ్ళు. ఎన్ని శనివారాలు! ఒక్కరోజైనా నాన్నకి నోరు రాలేదా? చనిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"మీరే చూడండి," అని గేజీ ఆయన చేతికిచ్చాను.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. పైన కొలిచాడు. మధ్యలో కొలిచాడు. అడుగున కొలిచాడు. పెన్సిల్ తీసి ప్రెట్జెల్ చిరుతిండి కాగితం సంచీ మీద లెక్క వేశాడు, కొట్టేశాడు, మళ్ళీ వేశాడు.

"నలభై సీసీ ఎక్కువ," అన్నాడు.

"ఆ రోజే అభ్యంతరం పెట్టి ఉంటే విప్పి కొలిచేవాళ్ళు కదా బాబాయ్!"

"స్నేహితుడి ఇంజన్ ఎవరైనా విప్పిస్తారటే?"

"మా నాన్న తరఫున..." అని మొదలుపెట్టాను.

"నువ్వుండు," అన్నాడు. కోపంగా కాదు. ఆయన నా మాట వినే స్థితిలో లేడు. ఆ సిలిండర్నే చూస్తున్నాడు. కాసేపటికి ఫోన్ తీసి భార్యకి కలిపాడు.

"వెర్నా, పొయ్యి కట్టేసి ఒక్క నిమిషం కూర్చో... లేదు, బాగానే ఉన్నా. ట్రూడీ దగ్గరే ఉన్నా."

నావైపు చూసి, గోడవైపు తిరిగాడు.

"డెబ్భై ఒకటిలో, ఆ గట్టు దగ్గర... నేను వదల్లేదే."

అవతలి మాట నాకు వినపడలేదు. ఆయన వింటూ నిలబడ్డాడు. ఫోన్ ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి గాల్లో పిడికిలి బిగించి, లేని యాక్సిలరేటర్‌ని ఆఖరిదాకా తిప్పి, అలాగే పట్టుకుని ఉంది.