కుంకుమ పడ్డ కీబోర్డు

"అన్నా, అక్షరాలు పడటం లేదు!"

అశ్విని మీట మీద మీట నొక్కుతోంది. గోడ గడియారంలో నాలుగూ ముప్పై అయిదు.

ఐదు లోపల ఆన్‌లైన్లో ఒప్పుకోకపోతే నర్సింగు సీటు చేజారిపోతుంది. ఫీజు లేదు, హాస్టలు ఉచితం. అది పోతే సోమవారం నుంచి బెంగుళూరు గార్మెంట్స్‌లో మిషను ముందు కూర్చోవాలి. నాయన అప్పుడే మాట్లాడి పెట్టాడు.

ఫోన్లో ఆ పేజీ తెరుచుకోలేదు. పండగ మర్నాడు హిందూపురం బస్టాండు దగ్గర తెరిచి ఉన్న నెట్ సెంటరు ఇదొక్కటే.

"ఆయుధ పూజ చేసి రెండు దినాలు గాలేదు, దీనికేం రోగమమ్మా?" అన్నాడు యజమాని కుమారస్వామి.

పూజ ఘనంగానే చేశాడు మహానుభావుడు. ఏడాదంతా మొరాయించకూడదని తెరకు గంధం పూసి, కీబోర్డు నిండా తడి కుంకుమ బొట్లు పెట్టాడు.

వైరు పీకి మళ్ళీ పెట్టాడు. సిస్టం ఆపి మళ్ళీ వేశాడు. మౌసు కదులుతోంది, కీబోర్డు మాత్రం ఉలకలేదు.

"ఉండమ్మా, పక్క ఫోటో స్టూడియోలో ఇంకోటి అడిగి తెస్తా."

అతను వెళ్ళగానే అశ్వినికి అసలు భయం మొదలైంది. గదిలో ఇంకొకడు ఉన్నాడు.

తలుపు పక్క బెంచీ మీద యాభై ఏళ్ళ మనిషి. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. ఆమె వచ్చినప్పటి నుంచి అలాగే కూర్చుని ఉన్నాడు. ఒకసారి గడియారం చూస్తాడు, ఒకసారి ఆమె తెర చూస్తాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటాడు. పనేమిటో చెప్పడు.

ఓటీపీ దొంగల గురించి అశ్విని చాలా విన్నది. ఫోను ఒళ్ళో దాచుకుంది.

అతను లేచి దగ్గరికొచ్చాడు.

"ఆ సీటు నీదేనా పాపా?"

ఆమె తల మాత్రం ఊపింది.

"ఏ ఊరు?"

"పెనుకొండ పక్క పల్లె."

"సీటు పోతే ఏం జేస్తావు?"

"బెంగుళూరికి... గార్మెంట్స్‌కి."

అతను ఇంకేదో అడగబోయి మానేశాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. తాగాడేమోనని అశ్విని కుర్చీ దూరంగా జరుపుకుంది.

కుమారస్వామి ఇంకో కీబోర్డు తెచ్చి తగిలించాడు. అదీ అంతే, ఒక్క అక్షరం పడలేదు.

నాలుగూ యాభై ఒకటి.

"రెండూ చచ్చినాయి తల్లీ. నేనేం జేసేది?"

అశ్విని ఏడ్చేసింది.

అప్పుడు లేచాడు ఆ మనిషి. వెనక నుంచి వచ్చి, ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, కీబోర్డు కుడిపక్క షిఫ్ట్ మీట నొక్కి పట్టాడు.

అశ్విని కెవ్వున అరిచింది.

"సిగ్గు లేదా నీకు, ఆడపిల్ల మీదికి వస్తాండావు! తియ్ చెయ్యి!" కుమారస్వామి అతని కాలరు పట్టుకుని గుంజాడు.

"రవ్వంత ఓర్చుకోప్పా. ఎనిమిది లెక్కబెట్టు, చాలు."

కాలరు చిరిగింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

కంప్యూటరు కుయ్యిమంది.

"ఇప్పుడు కొట్టు పాపా."

అశ్విని ఒక మీట నొక్కింది. అక్షరం పడింది. ఇంకొకటి పడింది.

"పాత కీబోర్డులో ఈ మీట కుంకుమ అంటుకొని కిందికే ఉండిపోయిందప్పా," అన్నాడతను. "అట్లుంటే తెర మీద ఒక ప్రశ్న వస్తాది. యస్ అంటే ఇంక కీబోర్డు మాట వినదు. కొత్తది పెట్టినా అంతే. నేను రోజూ ఆఫీసులో కీబోర్డులు తుడుస్తా, తుడిచేటప్పుడు ఇట్లే అయితాది."

పొద్దున తెర ఏదో అడిగింది. ఏది అడిగినా చదవకుండా యస్ నొక్కడం కుమారస్వామికి అలవాటే. అది ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"సరేలే, నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో. ముందు బయటికి నడువ్."

అతను చిరిగిన కాలరు సర్దుకుంటూ మెట్లు దిగాడు.

అశ్విని నంబరు కొట్టింది. ఓటీపీ కొట్టింది. 'మీ సీటు ఖాయమైంది' అని వచ్చేసరికి నాలుగూ యాభై ఎనిమిది.

గుండె కుదుటపడ్డాక గానీ ఆ మనిషి గుర్తు రాలేదు. వీధిలోకి పరుగెత్తింది. బస్టాండు దాకా వెళ్ళి వెతికింది. ఎక్కడా లేడు.

"తప్పు జేసినానమ్మా," అన్నాడు కుమారస్వామి, ఆమె ఉత్త చేతులతో తిరిగొచ్చాక. "దేవుడి మాదిరి వచ్చినోణ్ణి కాలరు పట్టుకుంటి."

ఐదూ పదికి ఒక అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని రొప్పుతూ లోపలికొచ్చింది.

"అన్నా, నా పేరు ఆరిఫా. మా నాయన ఖాదర్‌వలి యాడ? బెంగుళూరు నుంచి దిగి నేరుగా ఈడికొచ్చి, ఈ బెంచీ మీదే కూచోనుండానని ఫోన్ జేసినాడు. మా చిలమత్తూరు బస్సు ఆలస్యమైపోయింది."

కుమారస్వామి తలుపు పక్క బెంచీ వైపు చూశాడు. అశ్విని చేతిలో సీటు ఖాయమైన ప్రింటు కాగితం అలాగే ఉంది.

"ఐదు దాటింది గదన్నా, బిరీన ఆ సైటు తెరువు," అంది ఆరిఫా, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఆ నర్సింగు సీటుకు నేను రెండో నెంబరు, మొదటి పాప ఐదు లోపల ఒప్పుకోకుంటే అది నాకే."