ఈ ఏడు మెరిసేదెవరు

రాష్ట్ర జూనియర్ బేస్‌బాల్ జట్టు ఎంపికలో నవనీత బ్యాట్‌కు ఒక్క బంతీ తగల్లేదు. ఆమె బయటికి రాగానే కోచ్ హసన్ సార్ ఎదురొచ్చాడు.

“గిదేంది బిడ్డా? ఈసారి ఎవరు మెరుస్తరని అడిగితే నీ పేరే చెప్పినవ్. నమ్మి పంపిన.”

ఏటా సీజన్‌కు ముందు సార్ నవనీతనే అడుగుతాడు. ఎవరూ లెక్కచేయని పిల్ల పేరు ఆమె చెబుతుంది. ఆ ఏడు ఆ పిల్లే అందరినీ మించి ఆడుతుంది. నకిరేకల్ గ్రౌండ్‌లో తోటి పిల్లలు నవనీతను సోదెమ్మ అని ఏడిపిస్తారు.

“అందరి సంగతి చెప్పేటిదానివి, నీ సంగతి నీకెర్క లేదా? వచ్చే ఏడు వయసు దాటిపోతది. గిదే ఆఖరు.”

“ఎర్కనే సార్.”

“మరేమైంది? ఇన్నేండ్లల్ల నువ్వు చెప్పింది ఒక్కసారి సుత తప్పలే.”

నవనీత గ్లవ్ లాగి బెంచీ మీద పడేసింది.

“నేను పేరు చెప్పిన ప్రతి పిల్లకు, రోజూ పొద్దుగాల బంతులేసి నేర్పింది నేనే సార్. ఈసారి నా పేరు చెప్పిన. నాకెవరేసిన్రు?”