తిట్టని అన్న

చనిపోయినవాళ్ళ గొంతులు ఇంటింటా పెట్టెల్లోంచి మాట్లాడే రోజులవి. కాజీపేటలో వీరస్వామి కూడా అన్న సారంగపాణి గొంతు తెప్పించి, ముందుగదిలో సగంలో ఆగిపోయిన బొమ్మరైలు బల్ల పక్కన పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి అన్నదమ్ములిద్దరూ ఆ బల్ల దగ్గరే పోట్లాడుకున్నారు. పట్టా వెంట్రుకవాసి జరిగినా అన్న ఊరుకునేవాడు కాదు, తిట్టి పీకించి మళ్ళీ వేయించేవాడు.

వంతెన దగ్గర వంపు పూర్తిచేసి వీరస్వామి రైలు వదిలాడు. అది బోల్తా పడింది.

"మంచిగ చేసినవ్ తమ్మీ," అంది పెట్టె.

"పడిపాయె గదనే అన్నా."

"అయితేంది, మస్తు కష్టపడ్డవ్."

"ఒక్కసారి తిట్టరాదే."

"నిన్ను నొప్పిచ్చే మాట నేనెందుకంట?"

వీరస్వామి కంపెనీకి ఫోన్ చేశాడు.

"తిట్లన్నీ తీసేసే ఇస్తం సార్, ఇంటోళ్ళు బాధపడతరని," అన్నది అక్కడి అమ్మాయి.

అన్న మాటల్లోంచి తిట్లు తీసేస్తే మిగిలేదేముందని అతను ఫోన్ పెట్టేశాడు. పెట్టె ఆపేసి, వంపు పీకి మళ్ళీ వేశాడు. ఈసారి రైలు పడలేదు. కానీ అది సరిగా లేదని కయ్యానికి దిగే మనిషి ఆ గదిలో లేడు.