ఆటు మంగళవారం

“పెద్దాయనా, ఆ స్తంభం దగ్గర కాదు. ఓడలో వచ్చినవాళ్లు ఇటు కూర్చోవాలి.”

కోర్టు గుమాస్తా కౌరే చెయ్యి చూపించాడు.

ముసలాయన కదల్లేదు.

“మోకాళ్ల నొప్పి నాయనా. కూలబడ్డాను, ఇక లేవలేను.”

మా దీవి సభా మండపంలో ఒక్కో వంశానికి ఒక్కో స్తంభం. వేరేవాళ్ల స్తంభానికి ఆనుకున్నందుకు తలలు పగిలిన రోజులున్నాయి. ఆ దక్షిణపు స్తంభం దగ్గర మాత్రం కౌరే ఎరిగినంతలో ఎవరూ కూర్చోలేదు. పోనీలే అని ఊరుకున్నాడు.

ముసలాయన పేరు తొమాసి. ఓడ కళాసీగా పనిచేసి మానేశాడట. దీవి చూసి పోదామని ఆరు రోజుల కిందట దిగాడు. ఓడ వచ్చేది రెండు వారాలకోసారి. అతిథిని వీధిలో వదలడం మా ఇంటావంటా లేదు కాబట్టి కూడు, పడక కౌరే ఇంట్లోనే.

గాలివానకు కోర్టు గది కప్పు ఎగిరిపోయాక, మంగళవారం కోర్టు మండపంలోనే జరుగుతోంది.

తొమ్మిది కొట్టగానే కౌరే గుమ్మంలో నిలబడి కాలువ అవతలి దక్షిణ దీవి మనిషినొకణ్ణి పేరు పెట్టి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు.

ఎవరూ పలకలేదు. మేజిస్ట్రేటు నబురా తల వంచుకుని, రాలేదని రాసేశాడు. కొబ్బరితోట ఎదుటివాళ్లకు పోయింది.

“ఇవాళ కాలువ నిండుగా ఉంది కదా. ఎలా వస్తాడు?” అన్నాడు తొమాసి.

“కోర్టు తొమ్మిదికి. కాలువ సంగతి కోర్టుకెందుకు?”

చేపలకు వెళ్లాలంటే మేం ఆటుపోట్లు చూస్తాం. పెళ్లికి చూస్తాం, శవాన్ని మోయడానికీ చూస్తాం. కోర్టుకు మాత్రం గోడ గడియారం చూసేవాళ్లం. రెండు దీవుల మధ్య కాలువ ఒక మంగళవారం పొద్దున ఆటుతో మోకాలిలోతు ఉంటే, మరుసటి మంగళవారం పోటుతో పడవను కూడా నిలవనివ్వదు. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. కోర్టుకు ఎవరూ చెప్పలేదు, అంతే.

సాయంత్రం ఇద్దరూ కౌరే ఇంటి ముందు సీమపనస చెట్టు కింద చేపలు, కాల్చిన కాయలు పెట్టుకుని కూర్చున్నారు.

“ఈ చెట్టు ఎవరు నాటారు?” అడిగాడు తొమాసి.

“ఏమో. మా నాన్నకు ఈ నేల వచ్చేసరికే ఉంది.”

తొమాసి ఇంకో ముక్క తీసుకున్నాడు.

“మెరెతా అనే ఆమె వంతు ఎప్పుడు?”

“ఎవరు, దక్షిణ దీవి ముసలమ్మా? వచ్చే మంగళవారం కాదు, ఆ పై మంగళవారం. చేమగడ్డలు పండించే గుంట తగాదా. మొగుడు తవ్విన గుంట తనదంటుంది, ఈ దీవిలో ఉండే మరిది కొడుకు తనదంటాడు. ఆమెకు తిండి పెట్టేది ఆ గుంటే.”

“ఆ రోజు మళ్లీ పోటే.”

“నన్నేం చేయమంటావు? రూలు.”

“తొమ్మిది గంటలనీ, తగాదాల వరుస తప్పకూడదనీ రూళ్ల పుస్తకంలో ఉందా?”

“నాన్న కాలం నుంచి జరుగుతున్నది పుస్తకంలో లేకుండా ఎలా ఉంటుంది?”

“చూశావా?”

కౌరేకి ఒళ్లు మండింది. చూపించి నోరు మూయిద్దామని పుస్తకం తెచ్చాడు. పేజీ పేజీ తిప్పాడు. తొమ్మిది గంటలు లేవు, వరుస లేదు. ‘ప్రజలకు అనుకూలమైన వేళ’ అని ఒక్క ముక్క ఉంది.

మర్నాడు నబురా అది రెండుసార్లు చదివాడు.

“ఇన్నాళ్లూ మన కాళ్లు మనమే కట్టేసుకున్నామన్నమాట” అని నవ్వాడు. “కౌరే, దక్షిణ దీవివాళ్ల తగాదాలన్నీ ఆటు మంగళవారాలకు మార్చు. మెరెతాది వచ్చే మంగళవారమే, ఆ రోజు ఆటు. ఇద్దరికీ కబురు చెయ్యి. పిలిచి పిలిచి రాసేసిన రోజున నాకు అన్నం సయించేది కాదయ్యా.”

ఆ మంగళవారం కౌరే గుమ్మంలోకి వచ్చాడు.

“దక్షిణ దీవి మెరెతా.”

“ఇక్కడే ఉన్నానురా. అంత గొంతెందుకు?”

మోకాళ్ల దాకా తడిసిన బట్టలతో ముసలమ్మ గుమ్మం పక్కనే నిలబడి ఉంది. మండపమంతా నవ్వింది.

స్తంభం దగ్గర తొమాసి లేచాడు. మోకాళ్ల నొప్పి ఏమైందో, చకచకా నడిచి ఓడ వైపు వెళ్లిపోయాడు. తగాదా వినే సందడిలో ఎవరూ చూడలేదు.

గుంట తవ్విన రోజున సాయం పట్టినవాళ్లు ఇద్దరు మెరెతా వెంట వచ్చారు. మధ్యాహ్నానికి గుంట ఆమెదేనని తేలింది. మరిది కొడుకు కూడా, “సరే పెద్దమ్మా, నీ నోటికి దణ్ణం” అన్నాడు. 

“ఈ ఆటు మాట చెప్పిన పుణ్యాత్ముడెవరురా?” అడిగింది మెరెతా.

“తొమాసి అని, ఓడలో వచ్చాడు. ఇందాకటిదాకా ఆ స్తంభం దగ్గరే ఉన్నాడు.”

మెరెతా ఆ స్తంభాన్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

“అది తెకౌతు వాళ్ల స్తంభం. అక్కడ పరాయివాడు కూర్చోడు.”

“తెకౌతు ఎవరు?”

“నువ్వు పుట్టకముందు మాటలే. మా దక్షిణ దీవిలో ఉండేవాడు, స్థలమేమో ఇక్కడ. కోర్టు రోజున కాలువ దాటలేక అవతలి ఒడ్డున నిలబడి ఏడ్చాడు పాపం. ఆ ఏడే పోయాడు. ఉన్న ఒక్క కొడుకూ ఓడ పనికి వెళ్లిపోయాడు.”

రేవులో ఓడ అప్పటికే కనుమరుగైంది.

కౌరే పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపాడు. ‘తెకౌతు. మూడు పిలుపులకూ పలకలేదు. సీమపనస చెట్టున్న స్థలం ఎదుటివారికి.’

కింద ఎదుటివారి వేలిముద్ర, పక్కన కౌరే తండ్రి పేరు.

కౌరే ఇంట్లో పదమూడు రోజులు అతిథిగా ఉండి, ఆ నేల తనదని ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయిన ఆ ముసలాయన తిన్నది, తన తండ్రి తెకౌతు నాటిన చెట్టు కాయలే.