పటేలు విప్పిన చిక్కు

గొల్లపల్లి పటేలు ముసలయ్యకి తెలివి ఎక్కువ. ఆ సంగతి ఊళ్ళో చెప్పింది ఆయనే. దసరాకి జగదల్‌పూర్ పోయి మహారాజుగారి రథం తాడు పట్టుకుని వచ్చాక ఆ తెలివి మరీ ముదిరింది.

పని లేనప్పుడు, అంటే రోజూ, ఆయన పందిట్లో చిక్కుప్రశ్నల కొలువు. ఒకడు చిక్కు వేస్తాడు. మిగతావాళ్ళంతా కలిసి ప్రశ్నలడిగి విప్పాలి. వేసినవాడు అవును, కాదు తప్ప మరో మాట అనకూడదు. పటేలుకి తోడు పూజారి అప్పయ్య, బావమరిది సీతయ్య. ఇద్దరి బుర్రలూ కలిపి పిండినా చుక్క రాలదు.

ఆ మధ్యాహ్నం కూలీ మాసా వచ్చి పందిరి ముందు నిలబడ్డాడు. వాడి కూతురు ఇర్మె, పటేలు కొడుకు సోమారు ఒకరంటే ఒకరు పడి చస్తున్నారు. పటేలు మాత్రం ససేమిరా అంటున్నాడు.

"మళ్ళ వచ్చినవా? నీ పిల్ల నాకు కోడలా? సిగ్గుండాలె!"

"ఒక చిక్కు వేస్త పటేలా. పొద్దు గూకేలోపు విప్పకపోతే నా పిల్లను చేసుకో. విప్పితే ఇంక పెళ్ళి మాటే ఎత్తను."

పందిరంతా పగలబడి నవ్వింది. వీడు మనకి చిక్కు వేస్తాడట!

"ఏందిరా అది? కానీ!"

"ఒకతె పిలవని ఇంట్లోకి పోయింది. మాట లేదు, పలుకు లేదు. పొద్దు గూకినాక ఆమెను పొమ్మనే హక్కు ఆ ఇంటి పెద్దకే లేకపోయింది. ఎట్ల?"

"దయ్యం!" అన్నాడు సీతయ్య వెంటనే.

"కాదు."

"ఆడపులా?"

"కాదు."

"ఏమి బుర్రరా నీది!" అని పటేలు బావమరిదిని కసిరి, ఆ వెంటనే "పామా?" అని అడిగాడు.

"కాదు."

అప్పయ్య కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడిగాడు. దేవుడికీ తెలియలేదు కాబోలు, కాసేపటికి గురక వినిపించింది.

పొద్దు వాలింది. పటేలుకి చెమటలు పట్టాయి. కూలోడి చేతిలో ఓడిపోతే ఊళ్ళో తలెత్తుకునేదెట్లా?

"మనిషేనా?"

"అవును."

ఇంతసేపటికి మనుషుల దాకా వచ్చారు మహానుభావులు.

"పెళ్ళి కాని పిల్లా?"

"అవును."

"ఆ ఇంట్ల పెళ్ళీడు పిలగాడున్నడా?"

"అవును."

పటేలు తొడ చరిచి లేచాడు. అప్పయ్య ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఓరి పిచ్చోడా, ఇది మన ఆచారమే కదరా! నచ్చినోడి ఇంట్లకు పిల్ల తనంత తానే పోయి కూసుంటది. పొద్దు గూకేదాక ఎవరూ వెళ్ళగొట్టకుంటే, ఆ ఇంటామె నెత్తిన పసుపునీళ్ళు పోస్తే, పెళ్ళి అయినట్టే! ఇంక దాన్ని కాదనే మొనగాడు ఈ పరగణాలనే లేడు!"

"ఆహా, నీ తెలివే తెలివి బావా!" అన్నాడు సీతయ్య. అప్పయ్య అయితే దండమే పెట్టాడు.

అడవి వెనక పొద్దు గూకింది.

"నేను ఓడిన, పటేలా. ఇంక పెళ్ళి మాట ఎత్తను," అన్నాడు మాసా తల వంచుకుని.

"థూ! ఫో అవతలికి!"

పటేలు మీసం దువ్వుకుంటూ, గెలిచిన సంగతి పెళ్ళాం రామక్కకి చెప్పుకుందామని ఇంట్లోకి నడిచాడు.

లోపల రామక్క, మధ్యాహ్నమే పెరటి దారిన వచ్చి మూల కూర్చున్న ఇర్మె నెత్తిన పసుపునీళ్ళు పోసేసి, ఖాళీ చెంబు పక్కన పెడుతోంది.